ఏడో బాయి మంత్రగత్తెలు

61వ ఏడు, మే 3

జనం 412. ఒకటో ఫ్యాన్, రెండో ఫ్యాన్ పూర్తి వేగం. మూడో ఫ్యాన్ సగం వేగం. విషవాయువు లేదు.

రోజూ ఉదయం ఆరింటికి నేను రాసేది ఇంతే. నా పేరు సుగుణ. నేల కింద మేం బతికే పాత బొగ్గు గని, ఏడో బాయిలో గాలి రిజిస్టరు రాయడం నా ఉద్యోగం. ఎంతమంది ఊపిరి పీలుస్తున్నారు, ఏ ఫ్యాన్ ఎంత తిరుగుతోంది, ఏ సొరంగంలో ఎంత తేమ ఉంది. వీటికి తప్ప రిజిస్టరులో గడులు లేవు. అందుకని మిగతాది వెనక ఖాళీ పేజీల్లో రాస్తున్నాను.

నిన్నటి నుంచి నాలుగో గల్లీలో ఏడుగురికి వాంతులు. కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని నడుస్తున్నారు. పగటి దీపాలు వెలుగుతుండగానే కూర్చున్నచోట నిద్రలోకి జారుతున్నారు. డాక్టర్ నస్రీన్ నీళ్ళను పరీక్షకు తీసుకెళ్ళింది. నేను గాలి చూశాను, రెండుసార్లు. ఏమీ లేదు.

తిరిగొస్తుంటే కనకవ్వ గుమ్మంలో ఆపింది. ఆమె భర్త సారయ్య ఆ ఏడుగురిలో ఒకడు.

"గాలి మంచిగనే ఉందా?"

"మంచిగనే ఉంది కనకవ్వా."

"నీళ్ళు?"

"డాక్టరమ్మ చూస్తాంది."

ఆమె గొంతు తగ్గించింది. "ఒకటో తారీఖున పంట సొరంగంల ఏం జరిగిందో నీకెరుకనా? బుచ్చవ్వ, ఆమె మనుషులు దీపాలు ఆర్పి, కత్తితోని చుట్టూ గీత గీసి, ఏందో పాడిన్రు. మా ఆయన కండ్లార చూసిండు. చూసిన తెల్లారే పడ్డడు."

నేను నవ్వి వచ్చేశాను. ఇప్పుడు రాస్తుంటే ఆ నవ్వు బాగా అనిపించడం లేదు. బుచ్చవ్వ వాళ్ళది ఏదో వేరే పూజ అని బాయిలో అందరికీ తెలుసు. ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

మే 5

జనం 411.

సారయ్య పోయాడు. పొద్దున కాస్త తేరుకున్నట్టుందని, మాడిపోయిన దీపం మార్చడానికి నిచ్చెన ఎక్కాడట. పైమెట్టు మీద కళ్ళు తిరిగి పడ్డాడు. కనకవ్వ నేల మీద కూర్చుని, అతని తలను ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది: "చూసినందుకు చంపిన్రు."

మధ్యాహ్నానికి జబ్బుపడ్డవాళ్ళు ముప్పై ఒక్కరు. అందులో నా భర్త సదయ్య ఉన్నాడు. పంపు డ్యూటీ నుంచి ఇద్దరు పట్టుకొచ్చి పడుకోబెట్టారు. "ఊకె నిద్రొస్తాందే సుగుణా" అన్నాడు, నవ్వుతూ. ఆ తర్వాత గంటసేపు పిలిచినా పలకలేదు. సజ్జ అంబలి కాచి, చెంచాతో పట్టించాను. రెండు చెంచాలు లోపలికి వెళ్ళాయి.

సాయంత్రం ఓదెలన్న పిలిపించాడు. బాయికి తొమ్మిదేళ్ళుగా పెద్ద ఆయనే. కింది గల్లీ నుంచి పంపు మోత వినిపిస్తుండగా, నుదురు రుద్దుకుంటూ మాట్లాడాడు.

"బుచ్చవ్వ ఇంటి తలుపు మీద ఎవరో పేడ కొట్టిన్రు చెల్లె. రేపు ఇంకేం కొడుతరో. నువ్వు ఎవరి దిక్కూ గాదు. నీ రాత శుభ్రంగ ఉంటది. ఆళ్ళెవరు, ఏం నమ్ముతరు, ఏం చేస్తరు, ఒక పరిచయం లెక్క రాసియ్యి. సభల నేను సదువుత. తెలిస్తే భయం తగ్గుతది."

నాకూ అలాగే అనిపించింది. తెలిస్తే భయం తగ్గుతుందని.

మే 6

జనం 411. జబ్బు 38.

బుచ్చవ్వకు అరవై ఎనిమిదేళ్ళు. పంట సొరంగంలో విత్తనాలేసే పని. వాళ్ళ గుంపులో తొమ్మిదిమంది: ఏడుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఆమె తలుపు మీది పేడ కడుగుతోంది. చేతులు తుడుచుకుని, పుదీనా నీళ్ళు కాచి ఇచ్చింది. నేను తాగే ముందు ఒక క్షణం ఆగాను. ఆమె చూసింది. గిన్నె తీసుకుని ముందు తాను ఒక గుక్క తాగి మళ్ళీ నా చేతికిచ్చింది. నా ముఖం వేడెక్కింది.

"అడుగు బిడ్డా" అంది.

"మీరు మంత్రగత్తెలా పెద్దమ్మా?"

"ఔ."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అనుకోలేదు. నా కలం ఆగడం చూసి ఆమే చెప్పింది.

"ఆ మాట మీద పడి ఎంతమంది ఆడోళ్ళు సచ్చిన్రో నీకు తెలుసా? సీమ దేశాలల్ల ఉరితీసిన్రు, కాలబెట్టిన్రు. మన తాన, జనం నేల మీద ఉన్నప్పుడు, చేతబడి, బాణామతి చేస్తదని పండ్లూడగొట్టిన్రు. ఆళ్ళల్ల ఒక్కతి గూడ ఏం చేసి ఉండది. అందుకే మేం ఆ మాటను పారెయ్యం. పారేస్తే ఆళ్ళను పారేసినట్టే."

ఆమెకు ఇది నేర్పింది మార్గెడ్ అనే వేల్స్ దేశపు ఇంజనీరు. అరవై ఏళ్ళ కింద, నేల మీది ఎండకు బతకలేక, ఈ పాత బొగ్గు బాయిని మనుషులుండే చోటుగా మార్చినప్పుడు ఫ్యాన్లు బిగించడానికి వచ్చి, తిరిగి వెళ్ళడానికి విమానాలు లేక ఇక్కడే ఉండిపోయింది. ఆమె దేశంలోనూ బొగ్గు బాయిలే. చనిపోయి ఇరవై ఏళ్ళయింది. వాళ్ళ దారి పేరు విక్కా.

"ఎంత పాతది ఇది?"

"పాతది గాదు" అంది బుచ్చవ్వ. "నూటయాభై ఏండ్లు దాటిందేమో. ఇంగ్లండుల కొందరు కూడి మొదలుపెట్టిన్రు. పాతకాలం ముచ్చట్లు కొన్ని, ఆళ్ళు అల్లుకున్నయి కొన్ని. వేల ఏండ్ల నాటిదని చెప్పుకునేటోళ్ళున్నరు, అది అబద్ధమని మార్గెడే చెప్పింది. పాతదైతేనే నిజమైతదా?"

నేను అడిగినవీ, ఆమె చెప్పినవీ వరసగా రాసుకున్నాను. వాళ్ళకు ఒక దేవత, ఒక దేవుడు. దేవతకు చంద్రుడు గుర్తు. దేవుడికి తల మీద కొమ్ములు. గోడకున్న బొమ్మ చూసి నేను కొంచెం వెనక్కి జరిగినప్పుడు ఆమె నవ్వింది. "ఎడ్లకు కొమ్ములుండయా? అడివి దేవుడాయన. సైతాను మా ఇంట్ల లేడు. ఆయన వేరేటోళ్ళ దేవుని శత్రువు, మాకేం సంబంధం?" ఏడాదికి ఎనిమిది పండుగలు, సూర్యుడు నడిచే దారిని బట్టి. ప్రతి పున్నమికీ కూడుతారు. ఈ బాయిలో పుట్టిన మాకెవరికీ సూర్యుడూ తెలియదు, పున్నమీ తెలియదు. వాళ్ళు మాత్రం లెక్క కట్టి, ఇవాళ మీద పున్నమి అని చెప్పుకుంటారు. కూడినప్పుడు చుట్టూ గుండ్రంగా గీత గీసి, నాలుగు దిక్కులకూ దండం పెట్టి, లోపల నిలబడతారు.

"కత్తి ఎందుకు మరి?"

తీసి చూపించింది. నల్ల పిడి, రాగి రేకు. నిప్పురవ్వ పుట్టకూడదని ఇనుము బదులు రాగితో చేసుకున్నారట. అంచు మొద్దుగా ఉంది, ఉల్లిగడ్డ కూడా తెగదు. "గీత గీసెతందుకే. దీంతోని ఏదీ కొయ్యం, కొయ్యొద్దు."

"మంత్రాలు?"

"గట్టిగ కోరుకునుడు. అందరం చేతులు పట్టుకుని, పాడి, ఒక్క తలపు మీద నిలబడుడు. ఎవరికన్న పాణం బాగలేకుంటే, దూరంగ ఉన్నా సరే, ఆళ్ళకు మంచిగ కావాలని పంపుతం. పని చేస్తదా అంటే, నాకైతే చేసినట్టే అనిపిస్తది. నువ్వు నమ్మాలని లేదు. గని ఒకటి రాసుకో. మా మొదటి కట్టుబాటు ఏందంటే, ఎవ్వరికీ కీడు చెయ్యకుంటే నీకు నచ్చింది చేసుకో. కీడు పంపితే మూడింతలై మనకే వస్తది."

వేర్వేరు గుంపులు వేర్వేరుగా చేస్తారని, తనంతట తానే చేసుకునేవాళ్ళూ ఉంటారని, మంత్రగత్తెలందరూ విక్కా కాదని, పాత దేవుళ్ళను కొత్తగా కొలిచే దారులు ఇంకా చాలా ఉండేవని కూడా చెప్పింది. అన్నీ రాసుకున్నాను.

"ఒకటో తారీఖున పంట సొరంగంలో చేసింది?"

"ఎండకాలం వచ్చే పండుగ అది. మీదైతే మంటేసి చుట్టూ తిరిగేటోళ్ళు. బొగ్గు బాయిల మంటేస్తే అందరం పోతం గద! దీపానికి ఎర్రగుడ్డ కట్టుకున్నం. చేను మంచిగుండాలని పాడినం." కొంచెం ఆగి, "ఈసారి చేను మంచిగ లేదు" అంది.

పంట కోసం పూజ, అని రాసి పేజీ తిప్పాను. చేను గురించి మొదలుపెడితే బుచ్చవ్వ ఆపదు. ఇంకా మూడు ప్రశ్నలు మిగిలి ఉన్నాయి, ఇంటి దగ్గర సదయ్య ఒక్కడే ఉన్నాడు.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "నీ పెనిమిటి పేరు సదయ్యనా? రేపు కూడితే తలుచుకుంటం" అంది. కాయితాలు చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాను.

మే 7

జనం 411. జబ్బు 46.

సభ పెద్ద గదిలో జరిగింది. ఓదెలన్న నేను రాసింది చదివాడు. మొదటి పేజీ నిశ్శబ్దంగా విన్నారు. వేల్స్ ఇంజనీరు సంగతికి ముసలివాళ్ళు కొందరు తలూపారు కూడా. నేను ఊపిరి పీల్చుకున్నాను.

రెండో పేజీలో నా వాక్యం ఇది: "దూరంగా ఉన్నవారికి కూడా తమ తలపును పంపగలమని వారి విశ్వాసం."

కనకవ్వ లేచి నిలబడింది. తెల్లచీర కట్టుకుని ఉంది.

"ఆగు ఓదెలూ. మళ్ళ సదువు."

ఆయన మళ్ళీ చదివాడు.

"విన్నరా?" అంది ఆమె అందరి వైపూ తిరిగి. "దూరం నుంచి పంపుతరట. ఆళ్ళే ఒప్పుకున్నరు, సుగుణ రాసింది. మంచి పంపెటోళ్ళకు చెడు పంపుడు రాదా?"

గది ఒక్కసారిగా లేచింది. ఎవరో కత్తి అన్నారు. ఎవరో కొమ్ముల దయ్యం అన్నారు. నేను బల్ల మీద చెయ్యి కొట్టి, "కింది వాక్యం చదువున్రి! ఎవరికీ కీడు చెయ్యొద్దని ఉంది, కింద ఉంది!" అని అరిచాను. ఓదెలన్న పెదవులు కదలడం కనిపించింది. ఏం చదివాడో ముందు వరసకైనా వినపడి ఉండదు.

బుచ్చవ్వ ఒక మూల తన ఎనిమిదిమంది ముందు నిలబడి ఉంది. ఆమె కూడా ఏదో అరుస్తోంది. "ఫ్యాన్ సంగతి అడుగున్రి! మూడో ఫ్యాన్..." అన్నంతవరకు నాకు వినిపించింది. తర్వాత ఆమె ముఖానికి చెప్పు తగిలింది.

డాక్టర్ నస్రీన్ బల్ల ఎక్కింది. "నీళ్ళల్ల ఏం లేదు. ఇంకేం కారణమో చూస్తున్న. రెండు దినాలు ఆగున్రి, నా మాటినున్రి" అంది. "రెండు దినాలల్ల ఇంకెంతమంది?" అని నాలుగో గల్లీ వాళ్ళు అడిగారు. ఆమె బల్ల దిగింది.

బాయికి హాని చేసినవాళ్ళను నేల మీదికి, ఎండలోకి పంపాలని కట్టుబాటు. నా ఎరుకలో రెండుసార్లు పంపారు, ఇద్దరూ తిరిగి రాలేదు. మే నెలలో మీద మధ్యాహ్నం యాభై ఆరు డిగ్రీలు. తొమ్మిదిమందినీ పంపాలని అరుపులు మొదలయ్యాయి. అప్పుడు బుచ్చవ్వ పెదవి మీది రక్తం కొంగుతో తుడుచుకుని ముందుకొచ్చింది.

"నేను చెప్పిందే ఈళ్ళు చేసిన్రు. పంపితే నన్ను పంపున్రి. ఈళ్ళ జోలికి పోవద్దు."

చేతులెత్తమన్నారు. నూటా తొంభై చేతులు లేచాయి. వద్దన్నవాళ్ళు అరవై రెండు. నేను దేనికీ చెయ్యెత్తలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అవి నావి కానట్టు.

మే 8

ఇవాళ్టిది మొదటి నుంచి రాస్తాను.

ఉదయం ఆరింటికి ఆమెను లిఫ్టు ఎక్కించారు. రెండు లీటర్ల నీళ్ళు, తలకు ఒక గుడ్డ. అంతే కట్టుబాటు. ఎనిమిదిమందీ దూరంగా నిలబడి చేతులు పట్టుకున్నారు. తలుపు మూసేటప్పుడు బుచ్చవ్వ వాళ్ళ వైపు చూసింది. నా వైపు చూడలేదు.

నేను గదికి వచ్చి రిజిస్టరు తెరిచాను. 411 కొట్టేసి 410 రాయాలి. మనిషి తగ్గితే ఫ్యాన్లు పంచే గాలి లెక్క మార్చాలి. ఆ లెక్క కోసం మూడో ఫ్యాన్ సగం వేగానికి దిగిన రోజు వెతుకుతూ పాత పేజీలు తిప్పాను.

మార్చి 10. నా చేతిరాతే. "మూడో ఫ్యాన్ సగం వేగం. కరెంటు కింది గల్లీ నీళ్ళ పంపుకు మళ్ళించారు. పంట సొరంగం తేమ 58." మర్నాడు 71. వారానికి 92. అప్పటి నుంచి రోజూ తొంభై పైనే. రెండు నెలలపాటు రోజూ ఆ అంకె నేనే రాశాను.

మూడో ఫ్యాన్ గాలి ఎక్కడికి పోతుంది? పంట సొరంగానికి. అక్కడ ఉన్నదేమిటి? సజ్జ.

పరుగెత్తాను. చేనులో బుచ్చవ్వ గుంపు మనిషి సరిత ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"సరితా, నిన్న పెద్దమ్మ ఫ్యాన్ అని ఎందుకన్నది?"

"ఇప్పుడడుగుతున్నవా?" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మొన్న అంతసేపు కూసుండి అన్ని అడిగినవట. దేవుని కొమ్ములు అడిగినవట. కత్తి అడిగినవట. అసలు ఆ దినం ఎందుకు పాడినమో అడిగినవా?"

"అడిగిన. పంట కోసమన్నది."

"పంటకు ఏమైందని అడిగినవా?"

ఆమె లేచి ఒక సజ్జ కంకిని వంచి నా ముందు పెట్టింది. గింజల మధ్య నుంచి గులాబి రంగు జిగురు బొట్లుబొట్లుగా కారుతోంది. వేలికి తేనెలా అంటుకుంది.

"ఏప్రిల్ల కోసిన చేను గూడ పూత మీద గిట్లనే కారింది. తేమ వల్లనే అని బుచ్చవ్వ పోయి ఓదెలన్నకు చెప్పింది, ఫ్యాన్ పెంచున్రి అని. పంపు ఆపితే నలభై ఇండ్లు మునుగుతయన్నడు. ఇంకేం చేస్తం? మాకు చేతనైంది పాడుడే. పాడినం."

"ఆ చేను గింజ ఎక్కడుంది?"

"ఎక్కడుంటది? కోతోళ్ళు గోదాముల పోసిన్రు. పోయిన నెలాఖరు నుంచి పిండి ఇస్తున్నరు గద."

గోదాములో మొదటి బస్తా విప్పి నేల మీద పోశాను. సన్నటి బూడిదరంగు గింజల మధ్య నల్లగా, గట్టిగా, కొంచెం పొడుగ్గా ఉన్నవి కనిపించాయి. గుప్పెడు తీస్తే అందులో ఎనిమిదో పదో. పిండిమరలో పడితే అవేవీ ఎవరి కంటికీ కనపడవు.

గుప్పెడు తీసుకుని డాక్టర్ నస్రీన్ ముందు పోశాను. ఆమె ఒకటి విరిచి చూసింది. ఒక గిన్నెలో చిక్కగా ఉప్పునీళ్ళు కలిపి గింజలన్నీ వేసింది. మంచివి మునిగాయి, నల్లవి పైకి తేలాయి. పాత పుస్తకమొకటి తీసి వేలుతో వెతికి చదివింది.

"తేనెబంక తెగులు. తిన్నవాళ్ళకు వాంతులు, కండ్లు తిరుగుడు, ఆపుకోలేని నిద్ర." పుస్తకం మూసి తల పట్టుకుంది. "నేను నీళ్ళు చూసిన. నువ్వు గాలి చూసినవ్. రొట్టె ఎవ్వరం చూడలే."

మూడు రోజులుగా సదయ్య నోట్లో నేను చెంచాతో పోస్తున్నది ఆ సజ్జ అంబలే. "మా ఆయనకు..." అన్నాను.

"ఆపేస్తే తగ్గుతది. నేను చెప్పి పంపుత. టైమెంతయింది?"

తొమ్మిదీ నలభై.

ఓదెలన్న బల్ల మీద ఆ నల్లగింజలు పోసి, పక్కన మార్చి పేజీ తెరిచి పెట్టాను. ఆయన చదివాడు. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"వచ్చి చెప్పింది" అన్నాడు చివరికి. "ఈడనే నిలబడి చెప్పింది."

"అన్నా, లిఫ్టు తాళం."

"నలభై ఇండ్లు చెల్లె. నీళ్ళు మోకాళ్ళ దాక..."

"అన్నా, తాళం!"

లేచి పరుగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి నాకంటే ముందు లిఫ్టు దగ్గరున్నాడు. పై ఎండను తట్టుకునే సూట్లలో ఒకటే పనిచేస్తోంది, అది నా కొలతకే సరిపోయింది. ఎండలో నలభై నిమిషాలే పనిచేస్తుందని దాని మీద రాసి ఉంది. సూటు లేకుండా ఆయన పైదాకా వచ్చాడు. పై తలుపు దానంతటదే మూసుకుపోతుంది కనక ఎవరో పట్టుకోవాలి.

తలుపు తెరవగానే వెలుగు కొట్టింది. వెలుగు అనే మాట అంతవరకు నాకు తెలిసిన వస్తువుకు పెట్టిన పేరు, ఇది వేరే ఏదో. కళ్ళద్దాల వెనక కళ్ళు మూసుకుని నిలబడిపోయాను. "నడువు చెల్లె!" అని వెనక నుంచి అరిచాడు ఓదెలన్న. సూటు మీది అంకె 51 డిగ్రీలు చూపిస్తోంది.

చుట్టూ తెల్లగా ఎండిన నేల. పైకప్పు లేకపోవడం భయంకరంగా ఉంది. తల ఎత్తితే పడిపోతానేమోనని నేలనే చూస్తూ నడిచాను. అడుగుల గుర్తులు కనిపించాయి. నేల మీద చెప్పుల గుర్తులు, కొంతదూరం పోయాక వట్టి కాళ్ళవి. ఒక చెప్పు తెగి పడి ఉంది. పాత లిఫ్టు గోపురం వైపు వెళ్ళాయి అవి.

గోపురంలో మోకాలెత్తు గోడే మిగిలింది, దాని నీడ జానెడు. ఆ జానెడులో గోడకు అంటుకుని పడుకుని ఉంది బుచ్చవ్వ. నీళ్ళ సీసా ఖాళీ. పిలిస్తే పలకలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, నా సీసాలో నీళ్ళు ఆమె ముఖం మీద పోశాను. పెదవులు కదిలాయి.

"ఎవరది?"

"సుగుణను పెద్దమ్మా. గింజ చూసినం. సజ్జ గింజ. అంతా తెలిసింది."

ఆమెకు అర్థమైందో లేదో. "కాళ్ళు మండుతున్నయి" అంది, చిన్నపిల్లలా.

ఎత్తుకోలేకపోయాను. చంకల కింద చేతులు వేసి లాగాను. సూటు ముసుగులో నా ఊపిరి చప్పుడు తప్ప మరేదీ వినపడలేదు. సగం దూరంలో పడ్డాను. లేచాను. మళ్ళీ పడ్డాను. ఈసారి లేచేలోపు ఇంకో రెండు చేతులు వచ్చి ఆమెను పట్టుకున్నాయి. ఓదెలన్న తన పాత బూటు తలుపుకు అడ్డం పెట్టి, నెత్తికి చొక్కా చుట్టుకుని, వట్టి ఒంటితో ఆ ఎండలోకి వచ్చేశాడు.

జనం 411. దిగగానే మొదట అదే రాశాను.

మే 12

జనం 411. జబ్బు 9.

పిండి ఆపిన నాలుగోరోజు సదయ్య లేచి కూర్చుని ఆకలన్నాడు. గోదాములో గింజంతా ఉప్పునీళ్ళలో వేసి, తేలినవి తీసి, మంచినీళ్ళలో కడిగి ఆరబెడుతున్నారు. గల్లీకి పదిమంది వంతులవారీగా. బుచ్చవ్వ గుంపు వాళ్ళు కూడా వస్తున్నారు. మొదటిరోజు వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోలేదు. తొట్టెలు తక్కువ కాబట్టి రెండోరోజు కూర్చోక తప్పలేదు.

నిన్నటి సభలో ఓదెలన్న నిలబడి చెప్పాడు. వీపంతా కాలి కట్లున్నాయి, చొక్కా లేదు. "మునుగుతున్న ఇండ్ల ముందట జిగురు సంగతి నాకు చిన్నగ అనిపించింది. చెప్పిన మనిషినే మీదికి పంపిన. పెద్దరికం నాకొద్దు." లిఫ్టు తాళం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

తర్వాత నేను లేచాను. నేను రాసిన పరిచయంలో ఏది లేదో చదివాను. చేను పాడైందని, ఆ తొమ్మిదిమంది అది ముందే చూశారని, చెప్పారని, ఎవరూ వినకపోతే తమకు తెలిసిన పద్ధతిలో దాని కోసం పాడారని. అంతే, నాలుగు వాక్యాలు. ఆరో తారీఖునే రాసి ఉంటే సారయ్య బతికేవాడు కాదు గానీ మిగతాదేదీ జరిగేది కాదు.

మే 16

జనం 411. జబ్బు లేదు.

బుచ్చవ్వ ఆసుపత్రి గదిలో ఉంది. ఎడమకాలి రెండు వేళ్ళు తీసేశారు. కుడికంటికి చూపు మసకగా ఉంది, తిరిగి వస్తుందో లేదో నస్రీన్ చెప్పలేకపోతోంది. రోజూ వెళుతున్నాను. ఇవాళ అడగాలనుకున్నది అడిగేశాను.

"నామీద కోపం లేదా పెద్దమ్మా?"

"ఉంది" అంది. "నువ్వు అబద్ధం రాయలే. గని నన్ను అడుగుతున్నప్పుడు నీ కండ్లు కాయితం మీదనే ఉన్నయి. కోపం పోతది. ఎప్పుడు పోతదో తెల్వది. నువ్వైతే వస్తుండు."

"వస్త."

అప్పుడే గుమ్మంలో కనకవ్వ కనిపించింది. నేను లేచాను. ఏం జరుగుతుందోనని బుచ్చవ్వ మంచానికీ ఆమెకూ మధ్యలో నిలబడ్డాను, తెలియకుండానే. కనకవ్వ నన్ను పక్కకు జరగమనలేదు. అక్కడే నిలబడి, నా భుజం మీంచి మాట్లాడింది.

"నేనే మొదలుపెట్టిన" అంది.

బుచ్చవ్వ చూపున్న ఎడమకంటిని ఆమె వైపు తిప్పింది.

"ఆ చెప్పు గూడ నేనే కొట్టిన."

"చూసిన" అంది బుచ్చవ్వ.

నేను పక్కకు జరిగాను. కనకవ్వ వచ్చి మంచం చివర, కట్లు కట్టిన పాదాలకు తగలకుండా కూర్చుంది. చీర అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, కిందికే చూస్తూ అడిగింది.

"మీ దాంట్ల సచ్చినోళ్ళకు ఏం చేస్తరు?"

"ఏడాదికొక దినం ఉంటది. ఆ దినం ఇంట్ల అందరితో పాటు ఆళ్ళకు గూడ ఒక కంచం పెడుతం. ఆళ్ళ ముచ్చట్లు చెప్పుకుంటం. నవ్వు ముచ్చట్లే ఎక్కువ."

"ఎప్పుడొస్తది?"

"అక్టోబరు ఆఖరికి. ఇంక అయిదున్నర నెలలు."

కనకవ్వ తలూపింది. లేచి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆయనకు రొట్టె పొడిపొడిగ ఉంటే నచ్చది. మెత్తగ చెయ్యాలె. ఆ దినం నేనొచ్చి చేస్త, రానిస్తే."

"రా" అంది బుచ్చవ్వ.